బొంగు ఇంజను, మూకుడు ఇంజను: మూడు బళ్ళమీద మన్యం

ఇంటికొచ్చి రెండు రోజులైంది. బండి ఇంకా కడగలేదు, మడ్‌గార్డు కింద పాడేరు ఎర్రమట్టి అలాగే ఎండిపోయి ఉంది. అది రాలిపోయేలోగా రాసేద్దామని కూర్చున్నాను.

వెళ్ళింది ముగ్గురం. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2022లో కొన్నాను. మా బావది హోండా హైనెస్ సీబీ350. మా బాబాయి కొడుకు, ఇంట్లో అందరం చిన్నోడనే అంటాం, వాడిది ట్రయంఫ్ స్పీడ్ 400. మూడింటికీ ముందు గుండ్రటి హెడ్‌లైటు, గుండ్రటి అద్దాలు, నిండుగా ఉబ్బిన ట్యాంకు. పక్కపక్కన నిలబెడితే ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. ఏది మంచి బండని మేం ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని సంక్రాంతుల్లో వాదించుకున్నామో లెక్కలేదు. ఈసారి మాటలు కట్టిపెట్టి రోజుకొకరి బండి మార్చుకుని మూడు రోజులు నడుపుదామనుకున్నాం. అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం మీదుగా మళ్ళీ విశాఖ. అంతా కలిపి దాదాపు 350 కిలోమీటర్లు.

డిసెంబరు 12, శుక్రవారం: విశాఖ నుంచి అరకు

మొదటి రోజు ఎవరి బండి వాళ్ళదే. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే పెందుర్తి దాటేసరికి వెలుగొచ్చింది. ఎస్.కోటలో బస్టాండు దగ్గర ఉప్మా పెసరట్టు తిన్నాం. ప్లేటు యాభై, అల్లం పచ్చడి అడక్కుండానే రెండోసారి వేశారు. ముగ్గురం చేతులు కడుక్కుని వచ్చేసరికి నా బండి దగ్గర పంచె కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నారు. దొంగచూపు కాదు, ఆవుని నిమిరినట్టు.

"ఇది పాత బుల్లెట్టా బాబూ, కొత్తదా?"

కొత్తదేనన్నాను. ఒకసారి స్టార్ట్ చెయ్యమన్నారు. చేశాను. కాసేపు తల వంచి విని, "శబ్దం తగ్గిపోయింది" అన్నారు, కాస్త నిరాశగానే. వాళ్ళ మేనమామకి బుల్లెట్టు ఉండేదట. అది వీధి మొదట్లో ఉండగానే ఆ చప్పుడు వినపడేదట, పిల్లలందరూ ఆటలు ఆపేసి పరుగున ఇంటికెళ్ళి పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట.

ఆయన చెప్పింది నిజమే. 2021లో క్లాసిక్‌కి కొత్త ఇంజను వేశారు. అందులో బ్యాలెన్సర్ షాఫ్ట్ అని ఒకటుంది, పిస్టను పైకీ కిందికీ కొట్టుకునే ఊపుకి ఎదురు ఊపు ఇస్తూ తిరుగుతుంది. అందుకే అద్దంలో వెనకొచ్చే లారీ నంబరు చదవగలుగుతున్నాను. పాత బండి అద్దంలో లారీ ఉందో లేదో తెలిసేది, అంతే. ఆ వణుకే బుల్లెట్టు అనుకున్నవాళ్ళకి ఇది కొంచెం చప్పగా ఉంటుంది. నాకు మాత్రం లేదు. రెండు వందల కిలోమీటర్లు నడిపి దిగాక అరచేతులు తిమ్మిరెక్కకపోవడం చాలా గొప్ప సంగతి.

బౌడారా దాటాక ఘాట్ మొదలు. క్లాసిక్ 195 కిలోల బండి, ఆ బరువు మలుపు మలుపుకీ తెలుస్తుంది. వంపులోకి దించేముందు మనం ముందే మనసులో అనుకోవాలి, ఆఖరి క్షణంలో అనుకుంటే అది వినదు. ఒకసారి ఒప్పుకుందంటే మాత్రం రోడ్డుకి అతుక్కుపోయి వెళ్తుంది. మూడో గేరులో వేసి నలభైలో వదిలేస్తే డుగ్ డుగ్ డుగ్‌మని ఒకే తాళంలో కొండంతా ఎక్కేసింది. చిన్నోడు ఎప్పుడో ముందుకు పోయాడు. వాడి బండికి నలభై గుర్రాల బలం, నాదీ బావదీ ఇరవై చిల్లర. మూడుచోట్ల మాకోసం ఆగాడు పాపం.

అనంతగిరి కాఫీ తోటల దగ్గర కలిశాం. గాజు గ్లాసులో ఫిల్టర్ కాఫీ, ముప్పై రూపాయలు, కింద గసి మిగిలింది కానీ వాసన అద్భుతం. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, ఒక్కో చెట్టుకీ నిలువునా మిరియాల తీగ చుట్టుకుని, ఆ నీడలో కాఫీ మొక్కలు. డిసెంబరు కాబట్టి కొమ్మల నిండా ఎర్రటి పళ్ళు. దారంతా ఇంతేకదా అన్నాను. చిన్నోడు వింతగా చూశాడు. వాడికి మిరియాల తీగ ఒక్కటీ కనపడలేదట. వాడు అబద్ధం చెప్పడు, ఆ బండి మీద కళ్ళు తర్వాతి మలుపు మీదే ఉంటాయి. ఆదివారం నాకూ అదే అయింది, అది తర్వాత చెప్తాను.

అరకు ముందు రోడ్డు పక్కన వలిసె చేలు. పసుపు ఆరబోసినట్టు కొండ మొదలు దాకా పూలే. గట్టు మీద ఒకావిడ కుర్చీ వేసుకుని కూర్చుంది, ఫొటోకి మనిషికి ఇరవై. బండి కూడా చేలో పెట్టుకుంటామంటే ఎర్ర బండికైతే పది, మిగతావాటికి ఇరవై అంది. ఎందుకమ్మా అంటే, ఎర్ర బండి పసుపులో బావుంటుంది, చూసి ఇంకో నలుగురు ఆగుతారంది. నా క్లాసిక్ ఎరుపు. పదే ఇచ్చాను.

రాత్రి బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో కారం, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క వెయ్యరు. బొంగు 350. పైన నల్లగా మాడిన బొంగుని కుర్రాడు అడ్డాకు మీద బోర్లించి టక్‌మని కొడితే పొగతో సహా ముక్కలు జారాయి. పక్కనే ఇంకో పొయ్యి మీద వెడల్పాటి మూకుడులో ఏదో వేపుతున్నారు. బావ మెకానికల్ ఇంజినీరు. ఆ రెండింటినీ వేలుతో చూపించి, "మీ ఇద్దరి బళ్ళకీ తేడా అదేరా" అన్నాడు.

ఇన్నేళ్ళ వాదనలో నాకు ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. క్లాసిక్ సిలిండరు అడ్డం 72 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 85.8. హోండా ఇంకా సన్నం, ఇంకా పొడుగు, 70కి 90.5. రెండూ బొంగులు. పిస్టను చాలా దూరం వెళ్ళి రావాలి కాబట్టి నెమ్మదిగా తిరుగుతాయి, ఒక్కో దెబ్బా విడివిడిగా చెవికి అందుతుంది, తక్కువ వేగంలోనే లాగే బలం వచ్చేస్తుంది. ట్రయంఫ్ అడ్డం 89, ప్రయాణం 64 మాత్రమే. అది మూకుడు. గబగబా తిరుగుతుంది, తిప్పేకొద్దీ బలం. పైన తొడుక్కున్న చొక్కా మూడింటికీ ఒకటే, లోపలి గుండె వేరు. కొనేవాళ్ళు షోరూములో చూసేది చొక్కానే, అందుకే కొన్న ఆరు నెలలకి కొందరు అమ్మేస్తుంటారు. నిలబెట్టిన బండి చూసి కాకుండా, ఒక్క గంటైనా నడిపి కొనమని నేను అందరికీ అదేపనిగా చెప్పేది ఇందుకే.

డిసెంబరు 13, శనివారం: అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి

ఈ రోజు నాకు హోండా, బావకి క్లాసిక్, చిన్నోడిది చిన్నోడికే.

హోండా ఎక్కిన పది నిమిషాల్లో నాకు కొంచెం బెంగ వేసింది, నా బండికి ద్రోహం చేస్తున్నానేమో అని. క్లచ్ రెండు వేళ్ళతో వస్తోంది. గేరు పడిందో లేదో అనుమానం లేదు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు (ఆర్‌పీఎమ్) తిరిగేసరికే పూర్తి టార్క్, అంటే లాగే బలం, వచ్చేస్తుంది కాబట్టి ఎద్దుబండి వెనక ఇరవైలో పడిపోయినా పై గేరులోనే ముక్కకుండా లాగింది. శబ్దం కూడా మంచి గంభీరంగా ఉంది. 2020లో ఈ బండి వచ్చినప్పుడు ఇది క్లాసిక్‌కి నకలని చాలామందితోపాటు నేనూ అన్నాను. తప్పు. పాత సీబీ బళ్ళ చరిత్ర హోండా వాళ్ళకీ ఉంది, ఇది ఆ వంశం.

హుకుంపేట దగ్గర క్లాసిక్ వెనక చక్రం పంక్చరు. లాడం మేకు. స్పోకు చక్రం అంటే లోపల ట్యూబు ఉంటుంది, గాలి ఒక్కసారిగా దిగిపోయింది. మిగతా రెండింటివీ అల్లాయ్ చక్రాలు, ట్యూబులెస్, మేకు దిగినా కాసేపు నడుస్తాయి. స్పోకుల మీద ఎండ పడి తళతళలాడుతుంటే దానికి సాటి లేదు, కానీ ఆ అందానికి లెక్క ఇలాంటిచోట కట్టాల్సి వస్తుంది.

అదృష్టం కొద్దీ అర కిలోమీటరులో షాపు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో ఆ అబ్బాయికి. సెంటర్ స్టాండు వేయించి, చైను వదులు చేసి, చక్రం ఊడదీసి పక్కన పడుకోబెట్టాడు. రెండు పట్టీలతో టైరు అంచు లేపి ట్యూబు బయటికి లాగి, గాలి నింపి, నీళ్ళ టబ్బులో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పాడు. ఒకచోట సన్నటి బుడగల దారం లేచింది. అక్కడ గోరుతో గీటు పెట్టాడు. ఆరబెట్టి, గరుకుకాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఊదుతూ కూర్చున్నాడు, ఆత్రం లేదు. అంతా అయిందనుకుంటే మళ్ళీ టైరు లోపల చుట్టూ వేళ్ళు పెట్టి తడిమాడు, రెండో మేకు ముక్క దొరికింది. అది వదిలేసి ఉంటే మేం పాడేరు కూడా చేరేవాళ్ళం కాదు. నూట యాభై అడిగాడు. బావ రెండొందలిస్తే యాభై తిరిగిచ్చేశాడు, ఎంత చెప్పినా తీసుకోలేదు. ఒక రౌండు కొట్టి చూస్తానన్నా, చక్రం సరిగ్గా ఉందో లేదో, అన్నాడు. నవ్వు ఆపుకుంటూ తాళం ఇచ్చాం. ఊరి చివరిదాకా వెళ్ళి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వచ్చాడు.

ఆ తర్వాత చెక్‌పోస్టు. ఈ దారుల్లో గంజాయి కోసం తనిఖీలు మామూలే. బ్యాగులన్నీ విప్పించారు, మర్యాదగానే. అంతా సర్దుకుంటుంటే అందులో ఒక కానిస్టేబులు గారు ట్రయంఫ్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మైలేజీ ఎంతిస్తాది?" అన్నారు. ముప్పై సార్ అన్నాడు చిన్నోడు. క్లాసిక్? ముప్పై అయిదు. హోండా? అదింకా కొంచెం ఎక్కువ. రేటు? ఇక్కడ బావ అందుకున్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటితే 40 అయింది. అందుకే ఇప్పుడు కొనేవాళ్ళు సీసీ చూసుకోవాలి సార్ అని మొత్తం చెప్పాడు. ఆయన ఫోన్‌లో రాసుకున్నారు. సంక్రాంతికి తీసుకుంటారట.

పాడేరులో తప్పు దారి పట్టాం. మాట్లాడుకుంటూ చోడవరం ఘాట్ వైపు తిరిగేశాం. సిగ్నల్ లేదు, ఎవరినీ అడగలేదు. మినుములూరు దాటాక రోడ్డు దిగిపోతుంటే అనుమానమొచ్చి ఆగాం. ఇంటి ముందు కల్లంలో కాఫీ గింజలు ఆరబోసి ఒకమ్మ చెక్క పారతో తిరగేస్తోంది. "లంబసింగా? ఇటెందుకొచ్చేరు బాబూ, ఎనక్కెళ్ళండి" అంది. తర్వాత, ఇంత దూరం వచ్చారు కదా, కూర్చోండంది. కాఫీ ఇస్తుందేమో అనుకున్నాం, స్టీలు గ్లాసుల్లో రాగి అంబలి తెచ్చింది. చల్లగా, కొంచెం పులుపుగా. కాఫీ మేం తాగం, అమ్మేస్తామంది. డబ్బులు తీసుకోలేదు. పిల్లలకిమ్మని బావ తన బ్యాగులో బిస్కెట్ పాకెట్లన్నీ తీసి అరుగు మీద పెట్టాడు. బండి స్టార్ట్ చేస్తుంటే ఆమె మనవడు, ఐదేళ్ళుంటాయేమో, మూడు బళ్ళ చప్పుళ్ళనీ నోటితో విడివిడిగా చేసి చూపించాడు. క్లాసిక్‌కి "డుగు డుగు", హోండాకి "దుబు దుబు", ట్రయంఫ్‌కి "వ్రూ".

వెనక్కి పాడేరు వచ్చి భోజనం చేసి (వంద రూపాయలు, పప్పుచారు బావుంది, పెరుగు అయిపోయింది), జి.మాడుగుల మీదుగా చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్నెం దళంతో ఆయుధాల కోసం దాడి చేసింది ఈ చింతపల్లి పోలీస్‌స్టేషను మీదే. ఇప్పుడు జిల్లా పేరే ఆయనది. మంచి రోడ్డు మీద బండి మీద కూర్చుని వెళ్తేనే నడుం పట్టేసిన మాకు, వాళ్ళు ఈ కొండలన్నీ నడిచి తిరిగారనేది తలుచుకుంటే కాసేపు మాట రాలేదు.

సాయంత్రం లంబసింగి. దీన్నే కొర్రబయలు అంటారు, రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని. టెంటు మనిషికి 500, మంటకి కట్టెలు ఇంకో 200. చలికి వేళ్ళు కొంకర్లు పోయి చిన్నోడు గ్లౌజులు తియ్యకుండానే చపాతీ తిన్నాడు.

డిసెంబరు 14, ఆదివారం: చెరువులవేనం, నర్సీపట్నం, ఇల్లు

నాలుగున్నరకే లేచి చెరువులవేనం ఎక్కాం. కింద లోయంతా పాలపొంగులా మబ్బు, మధ్యలో కొండ కొసలు. దీని గురించి అందరూ రాస్తారు, ఫొటోలున్నాయి, నేను కొత్తగా చెప్పేది లేదు. దిగొచ్చాక స్ట్రాబెర్రీ డబ్బా యాభైకి కొన్నాం, పుల్లగా ఉన్నాయి.

ఈరోజు నాకు ట్రయంఫ్. దిగుడు ఘాట్. ఒప్పుకోవాలి, ఇది మహా బండి. నా క్లాసిక్ కన్నా దాదాపు ఇరవై కిలోలు తేలిక, తలచుకుంటే చాలు వంగుతుంది. బ్రేకులు ఒక వేలితో. రెండో గేరులో మలుపు తిరిగి కొంచెం ఇచ్చామంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. నలభై ఏళ్ళు దాటాక అలాంటి సంతోషం తరచుగా దొరకదు. అడుగు దాకా వచ్చి హెల్మెట్ తీశాక బావ అడిగాడు, పైన దారిలో నాలుగు ఆవులు అడ్డంగా పడుకున్నచోట ముసలాయన నీకు చెయ్యూపాడు, చూశావా అని. నేను ఆవుల్ని చూశాను. ముసలాయన్ని చూడలేదు.

అది బండి తప్పు కాదు. అది ఆ పనికే పుట్టింది. నాకు కావలసింది మాత్రం ఆ ముసలాయనకి తిరిగి చెయ్యూపగలిగే వేగం.

నర్సీపట్నంలో టిఫిన్ హోటలు ముందు అసలు బండి కనపడింది. పోత ఇనుము ఇంజను బుల్లెట్, నల్లది, ట్యాంకు మీద బంగారు గీత సగం చెరిగిపోయి. యజమాని రిటైరైన టీచరు, డెబ్భై దాటాయి. మా మూడు బళ్ళనీ చూసి, ఇడ్లీ మధ్యలో వదిలేసి లేచి వచ్చారు. "మీవి బటన్ నొక్కితే స్టార్టవుతాయి. ఇది అలా కాదు, దీన్ని అడగాలి" అని ఎలాగో చూపించారు.

తాళం తిప్పి, కిక్ రాడ్ మీద కాలు పెట్టి నెమ్మదిగా నొక్కుతూ హెడ్‌లైటు పైనున్న, కరెంటు చూపించే అమ్మీటరు ముల్లునే చూడమన్నారు. ముల్లు ఎడమకి పడి, మళ్ళీ నెమ్మదిగా లేచి సరిగ్గా మధ్యలో నిలబడింది. అక్కడ ఆపి, ఎడం చేత్తో సిలిండరులో ఒత్తిడి వదిలేసే చిన్న డీకంప్రెషన్ లివరు నొక్కి, కిక్కుని ఇంకొక్క వెంట్రుకవాసి దింపి, లివరు వదిలేసి, రాడ్ పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తోపు. డమ్. హోటల్లో తింటున్నవాళ్ళందరూ తలెత్తారు. డెబ్భై దాటిన మనిషి, చెమట చుక్క లేదు. బలం కాదు బాబూ, వినికిడి అన్నారు.

నన్ను నడపమన్నారు. గేరు కుడికాలు, బ్రేకు ఎడంకాలు, అదీ మొదటి గేరు పైకి. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి రెండుసార్లు బ్రేకనుకుని గేరు తొక్కాను. హ్యాండిలు మోచేతుల దాకా వణికింది. ఆ వణుకు చచ్చేంత నచ్చింది, కానీ దానిమీద అరకు ఎక్కుతానని మాత్రం అనను. మాస్టారు గారు కూడా అదే అన్నారు. వర్షాకాలంలో నెలకి రెండుసార్లు స్పార్కు ఇచ్చే పాయింట్లు సరిచేసుకునేవారట, స్పేర్ క్లచ్ కేబులు లేకుండా ఊరు దాటేవారు కాదట. తర్వాత నా క్లాసిక్ మీద కూర్చుని కళ్ళు మూసుకుని రేజ్ చేశారు. "శబ్దం కాస్త పెంచమనండి. మిగతా అంతా బావుంది" అన్నారు. ఇడ్లీ డబ్బులు మా ముగ్గురివీ ఆయనే ఇచ్చేశారు, మేం చూసేలోపే.

అక్కణ్ణుంచి తాళ్ళపాలెం దాకా మామూలు రోడ్డు, తర్వాత హైవే. హైవే మీద ట్రయంఫ్ తొంభైలో నిమ్మకు నీరెత్తినట్టు ఉంది, బొంగు ఇంజన్లు రెండూ ఎనభై దగ్గర చాలు చాలంటూ వచ్చాయి. హైదరాబాద్ నుంచి విశాఖ తరచుగా వచ్చేవాళ్ళయితే చిన్నోడి మాట విని ట్రయంఫ్ కొనడమే మంచిది.

పెట్రోలు మొత్తం మీద క్లాసిక్‌కి పదకొండొందలు, హోండాకి వెయ్యి, ట్రయంఫ్‌కి పదమూడొందలు అయింది. తిండి, టెంట్లు, పంక్చరు, వలిసె పూలతో కలిపి మనిషికి నాలుగు వేల లోపే.

అనకాపల్లి దగ్గర విడిపోయేముందు బావ హోండా తాళం నా చేతిలో పెట్టి, నా బండి తాళం తనే జేబులో వేసుకున్నాడు. వారం రోజులుంచుకుంటానన్నాడు. అందుకే మా వాకిట్లో ఇప్పుడున్నది హోండా, ఎర్రమట్టితో సహా. నాన్న పొద్దున పేపరు చదువుతూ, ఇది స్టార్టయిందో లేదో కూడా తెలియట్లేదేంట్రా అన్నారు. ఆదివారం వెళ్ళి మార్చుకోవాలి.